గోడ మీద చెయ్యి

పద్నాలుగేళ్లు ఆసుపత్రి వార్డులో నర్సుగా చేసిన మనిషి. ఒకరోజు ఒక భారీ రోగిని మంచం మీద ఒత్తిగిలబెడుతుంటే నడుములో ఏదో కలుక్కుమంది. దాంతో వార్డు ఉద్యోగానికి నీళ్లు వదులుకోవలసి వచ్చింది. ఆరు నెలలు మంచాన పడి లేచాక, కూర్చుని చేసే పని కోసం వెతికితే ఇది దొరికింది. ఒక గుండె క్లినిక్ తరఫున ఇంట్లోంచే ఫోనులో రోగులను కనిపెట్టుకుని ఉండాలి. పేరు మాత్రం ఘనంగా ఆరోగ్య కోచ్ అన్నారు. అత్తగారికి ఆ మాట నోరు తిరగలేదు. "మా కోడలు ఫోను డాక్టరు" అని చుట్టుపక్కలంతా చాటింపు వేసింది. డాక్టర్ని కాదు అత్తయ్యా అని ఆమె ఎంత మొత్తుకున్నా ఆవిడ వింటేనా!

వంటగది పక్కన చిన్న గది. బల్ల, కంప్యూటరు, చెవులకు తగిలించుకునే ఫోను, నడుము వెనక రెండు దిండ్లు. ఆమె జాబితాలో గుండె నీరసించిన వాళ్లు అరవై రెండు మంది. ఒక్కొక్కరి ఇంట్లో ఒక్కో బరువు యంత్రం. పొద్దున్నే ఏమీ తినకముందు దానిమీద నిలబడితే చాలు, ఆ అంకె దానంతటదే ఈమె తెర మీదికి వచ్చేస్తుంది. గుండె మొరాయిస్తే ఒంట్లో నీరు చేరుతుంది, నీరు చేరితే బరువు పెరుగుతుంది. పెరిగిన వాళ్ల వరస ఎర్రబడుతుంది, తగ్గిన వాళ్లది పచ్చబడుతుంది. ఎర్రబడ్డ వాళ్లకు ఫోను చేసి, కాళ్లు వాచాయా, ఊపిరాడక ఎన్ని దిండ్లు వేసుకుని పడుకున్నారు అని అడిగి, అవసరమైతే క్లినిక్ డాక్టరుకు చెప్పాలి. పచ్చబడ్డ వాళ్లను పొగిడి ఫోను పెట్టేయాలి. వార్డులో అయితే కాలు తానే నొక్కి, గుంట పడిందో లేదో చూసుకునేది. ఇక్కడ "మీరే నొక్కి చెప్పండి" అని బతిమాలుకోవడం తప్ప గత్యంతరం లేదు.

ఇంతమందికి నోరు కట్టుకోమని చెప్పే మనిషి ఇంట్లోనే అత్తగారు షుగరు పెట్టుకుని, బిస్కెట్ డబ్బా దిండు కింద దాచుకుని తినేది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ తెలియనట్టే ఉండేవాళ్లు.

ఆ అరవై రెండు మందిలో ఒక ముసలి వడ్రంగి ఉండేవాడు. ఆయన ఊరు ఇక్కడికి ఒక పగలంతా బస్సు ప్రయాణం. మూడో అంతస్తులో చెల్లెలితో కాపురం. ఆ చెల్లెలికి పుట్టుకతోనే వినపడదు, చదువు లేదు, అన్నగారి సైగలే ఆవిడ భాష. ఆ అన్నకు చెల్లెలు, చెల్లెలికి అన్న, అంతే.

మొదటి ఫోనులోనే ఆయన పేచీ పెట్టుకున్నాడు. "మీ యంత్రం నేల మీద సమంగా కూర్చోవడం లేదు తల్లీ. రసమట్టం పెట్టి చూశాను. కింద చెక్కముక్క దోపాను. ఇప్పుడు చెప్పేదే అసలు బరువు."

ఒంట్లో నీరు సంగతి చెబితే ఇట్టే పట్టేశాడు. "తడిసిన కర్ర బరువెక్కినట్టన్నమాట" అన్నాడు. కాలు నొక్కి చూడమంటే మాత్రం, "నా వేళ్లన్నీ కాయలు కాసిపోయాయి, వీటికేం తెలుస్తుంది?" అని నవ్వేశాడు. అందుకని ఆయన కోసం ఇంకో పరీక్ష పెట్టింది. ఒక్కసారి గాలి పీల్చి, మళ్లీ పీల్చకుండా ఎంతవరకు లెక్కపెట్టగలరో చూడమంది. ఊపిరితిత్తుల్లో నీరు చేరితే ఆ లెక్క తగ్గిపోతుంది. ఆయన ఇరవై నాలుగు దాకా వెళ్లాడు.

"నువ్వెంత?" అన్నాడు.

ఆమె కూడా లెక్కపెట్టింది. "ముప్పై ఒకటి బాబాయ్."

"సరేలే, ఈసారికి నువ్వే గెలిచావు."

ఒకసారి పంటి డాక్టరు దగ్గరికి తొందరగా వెళ్లి, ఆయన యంత్రం ఎక్కడం మరిచిపోయాడు. ఆమె తొమ్మిదిసార్లు ఫోను చేసింది. సాయంత్రం దొరికాక చీవాట్లు పెడితే ఆయన సిగ్గుపడ్డాడు. "మా చెల్లికి సైగలతో గట్టిగా చెప్పానమ్మా. నేను మరిచిపోతే లాక్కొచ్చి మరీ ఎక్కించమన్నాను. ఒక్కరోజు అంకె కనపడకపోతే ఫోనులో అమ్మాయి కంగారు పడిపోతుందని చెప్పాను."

ఏడు నెలలు ఇలా బాగానే గడిచింది. ఒక వారం మొదట్లో, డెబ్భై ఒకటిన్నర దగ్గర ఉండే ఆయన బరువు రెండు రోజుల్లో డెబ్భై మూడున్నరకు ఎగబాకింది. వరస ఎర్రబడింది. ఆమె ఫోను చేసింది, డాక్టరుకు చెప్పింది, డాక్టరు నీరు తీసే మాత్ర రెట్టింపు చేశాడు. గురువారానికి డెబ్భై రెండు. శుక్రవారం డెబ్భై ఒకటి. శనివారం డెబ్భై కిలోల రెండు వందలు. వరస నవనవలాడుతూ పచ్చబడింది. ఆమెకు ప్రాణం లేచి వచ్చింది.

"చూశారా బాబాయ్! మూడు కిలోల నీరు దిగింది!"

"అంతేనంటావా తల్లీ" అన్నాడాయన. కాస్త ఆగి, "యంత్రాన్ని... గోడ పక్కకి జరిపాను. మట్టం... చూశాలే."

"మీరు మట్టం చూడకుండా ఉంటారా!" అని నవ్వి పెట్టేసింది. ఎర్రబడ్డ వరసలు ఇంకా పదకొండు ఉన్నాయి మరి. పచ్చవాళ్ల చేత లెక్కపెట్టించే పని లేదు. అది రూలు. ఆ రూలు రాసిన మహానుభావుడు ఏనాడూ రోగి మంచం దగ్గర నిలబడి ఉండడు.

మధ్యాహ్నం అత్తగారి కేక వినిపించింది. "అమ్మాయ్, ఇలా రా! నాలుగు కిలోలు తగ్గాను! బిస్కెట్లు, బిస్కెట్లు అని నన్ను ఆడిపోసుకుంటావుగా!"

వెళ్లి చూస్తే ఆవిడ పాత బరువు మిషను మీద ఒక చెయ్యి తలుపు చట్రానికి ఆనించి దర్జాగా నిలబడి ఉంది.

"చెయ్యి తీయండి అత్తయ్యా."

తీసింది. ముల్లు గిర్రున తిరిగి పాత చోటికే వచ్చింది. ఆవిడ ముఖం ముడుచుకుంది. కోడలు పకపకా నవ్వబోయింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. గోడ పక్కకి జరిపాను, అన్నాడాయన.

పరుగున వెళ్లి ఫోను చేసింది. చాలాసేపటికి ఎత్తాడు.

"గాలి పీల్చి లెక్కపెట్టండి బాబాయ్."

"ఒకటి... రెండు..." ఆరు దగ్గర ఆగిపోయింది.

"ఎప్పటినుంచి గోడ పట్టుకుంటున్నారు?"

"బుధవారం... నుంచి. కాళ్లు... ఆనడం లేదు."

"నాకు చెప్పాలి కదా!"

"నువ్వు... తగ్గిందన్నావుగా తల్లీ. ఊపిరి కూడా... అదే సర్దుకుంటుందనుకున్నా."

ఆమె ఆ ఫోను పెట్టేయకుండానే అత్తగారి ఫోను తీసుకుని ఆ ఊరి అంబులెన్సుకు చిరునామా చెప్పింది. పావుగంటకు వాళ్లు వచ్చి తలుపు కొట్టడం ఇక్కడికి వినిపించింది. గడియ లోపల వేసి ఉంది. ఆయన లేవలేడు. వంటింట్లో గిన్నెలు తోముతున్న చప్పుడూ వినిపిస్తోంది. తలుపు దడదడా బాదుతున్నారు, చెల్లెలు తన మానాన గిన్నెలు తోముకుంటోంది. పగలంతా బస్సు ప్రయాణమంత దూరాన కూర్చుని ఆమె అన్నీ వింటోంది, వినవలసిన ఒక్క మనిషికే వినపడటం లేదు. పక్కన అత్తగారు రెండు చేతులూ జోడించి నిలబడి ఉంది.

"ఏదైనా విసరండి బాబాయ్! ఆవిడ కళ్ల ముందు పడేట్టు!"

కొంతసేపటికి ఏదో నేల మీద పడి దొర్లింది. గిన్నెల చప్పుడు ఆగింది. అడుగులు. గడియ తీసిన శబ్దం. ఆయన విసిరింది రసమట్టమని అంబులెన్సు మనిషి తర్వాత చెప్పాడు.

మూడో రోజు ఆసుపత్రిలో పోయాడు.

"మీ తప్పేమీ లేదండీ. శనివారం వరస పచ్చగానే ఉంది కదా" అంది ఫోనులో క్లినిక్ సూపర్‌వైజరు. ఆ సాయంత్రం అత్తగారు బిస్కెట్ డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టింది. "దాచెయ్. ఇంక నాకివ్వకు" అని చెప్పి వెళ్లిపోయింది. అప్పుడు ఏడ్చింది ఆమె, వెక్కి వెక్కి.

మరుసటి వారం పొద్దున ఏడుంబావుకు వడ్రంగి వరసలో ఒక అంకె వచ్చింది. నలభై మూడు కిలోల ఆరు వందలు.

పోయిన మనిషి యంత్రం ఎక్కాడా అనిపించింది ఆమెకు. ఒక్క క్షణమే. తర్వాత అర్థమైంది. అంకె కనపడకపోతే ఫోనులో అమ్మాయి కంగారు పడుతుందని అన్న చెప్పాడు. చెల్లెలు ఆ మాట జవదాటలేదు, అంతే.

ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మోగితే మాత్రం ఎవరికి వినపడాలి? నిన్ను చూస్తున్నానమ్మా అని రాసి పంపితే చదివేదెవరు? బస్సెక్కి వెళ్దామంటే గంటసేపు కూర్చుంటేనే నడుము పట్టేస్తుంది.

మర్నాడు నలభై మూడు. ఆ మర్నాడు నలభై రెండున్నర. ఆవిడ తిండి మానేసింది. ఇంతకన్నా ఆ అంకెలకు వేరే అర్థం లేదు. ఆమె సూపర్‌వైజరుకు ఫోను చేసి, ఎవరినైనా పంపండి, పోనీ ఆవిడ పేరు నా జాబితాలో వేయండి అని బతిమాలింది.

"ఎలా వేస్తామండీ? ఆవిడకి జబ్బేమీ లేదు కదా" అంది సూపర్‌వైజరు. "ఆ యంత్రం వెనక్కి తెప్పిస్తాం. మీరు ఆ వరస మూసేయండి."

మూసేస్తే ఆవిడ రోజూ పొద్దున్నే ఎవరూ చూడని యంత్రం మీద నిలబడుతుంది. ఆమె మూయలేదు. నాలుగో రోజు నలభై రెండు వచ్చింది. వరస పచ్చగానే ఉంది.