తండ్రి కడుపుతో ఉపవాసం

తండ్రికి ఏది పెట్టాలన్నా వర్దా ముందు దాన్ని తన కింది పెదవికి ఆనించి చూస్తుంది. ఆమె తండ్రి బుక్తూర్ తాత నాలుక కాలినా చెప్పడు. ఆయనకు పళ్ళు లేవు. చలికాలపు జ్వరం తర్వాత ఉడికించిన చిక్కుడు గింజలు కూడా కడుపులో నిలవడం లేదు. నిలిచేవి పాలు మాత్రమే.

పెద్ద ఉపవాసం మొదలైంది. ఈస్టరు దాకా మా ఊళ్ళో క్రైస్తవులెవరూ పాలు, గుడ్డు, మాంసం ముట్టరు. ముసలివాళ్ళకూ జబ్బుపడ్డవాళ్ళకూ ఆ కట్టుబాటు లేదని పాదిరి ఏటా చెబుతాడు.

తాత ఉండేది కొడుకు ఖుల్తా ఇంట్లో. ఖుల్తా గుడిలో వాక్యం చదువుతాడు. కన్నతండ్రిని కూతురింటికి పంపినవాణ్ణి నైలు నది ఒడ్డున ఈ ఊళ్ళలో మనిషిగా చూడరు. అందుకే భర్త పోయిన వర్దా తన గేదె పాలు కాచి, ముంతను ముసుగు కింద దాచి, రోజూ తమ్ముడింటికి తెచ్చేది.

ఆ బుధవారం ఖుల్తా గడపలోనే ముంత లాక్కున్నాడు.

"నా ఇంట్లోకి పాలా? నాన్న బుద్ధెరిగాక ఒక్క ఉపవాసం తప్పలేదు. ఇప్పుడు నువ్వు తప్పిస్తావా?"

"పాదిరి తాగొచ్చన్నాడుగా."

"అది మెత్తనివాళ్ళకి. నీ పెదవి మీద ఆ తడేంటక్కా? నీ ఉపవాసమూ పోయినట్టే."

"పోనీలే. నీది ఉందిగా, ఇద్దరికీ సరిపోతుంది."

ఖుల్తా పాలు దూడ తొట్టిలో పోశాడు.

వర్దా తొట్టి వైపు చూసింది. "ఒరేయ్, దేవుడికి ఉపవాసం ఉండాలంటే నీ కడుపు ఉంది కదరా. నాన్న కడుపెందుకు వాడుకుంటావు? తల్లిదండ్రుల్ని సన్మానించమని మొన్న గుడిలో చదివింది నువ్వే. గొంతు బాగుంది. చెవులే లేవు."

"వర్దా, ఊరుకోమ్మా," అని లోపల అరుగు మీంచి తాత అన్నాడు. "వాడి ఇల్లు."

ఆమె వెళ్ళి తండ్రి చెయ్యి పట్టుకుంది. ఎముకలు తగిలాయి.

"పాలు కావాలా వద్దా నాన్నా? నువ్వు చెప్పు."

తాత కొడుకు వైపు చూశాడు. "ఊరు నవ్వుతుందేమో."

"ఊరికి పళ్ళున్నాయి, నవ్వుతుంది. నీకేవీ? మా ఇంటికి పద."

ఖుల్తా అడ్డం నిలబడ్డాడు. "కూతురింట్లో చస్తాడా? నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"ఆ తొట్టిలో పెట్టుకో."

ఖుల్తా వాకిలి చూపించాడు. తాత, ఇద్దరిలో ఎవరితోనూ కాకుండా, "పాల వాసన వచ్చింది," అన్నాడు.

వర్దా ఖాళీ ముంత తీసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున ఖుల్తా గుడికి వెళ్ళాక ఆమె గాడిదను తోలుకొచ్చింది. వంగి తండ్రి ముందు నిలబడింది. ఆయన తనంతట తానే ఆమె మెడ చుట్టూ చేతులు వేశాడు. కంబళి కప్పి ఎక్కించింది. పొలం గట్ల మీదుగా వెళితే ఎవరూ చూడరు. ఆమె గుడి వీధిన పోయింది. ప్రార్థన ముగిసి జనం బయటికి వస్తున్నారు. వాళ్ళ మధ్య తెల్ల అంగీలో ఖుల్తా ఉన్నాడు. వర్దా గాడిదను గుడి ద్వారం ఎదుట ఆపి, పాల ముంత తండ్రి చేతికిచ్చింది. ఆయన తాగడం అయ్యేదాకా కదలలేదు.