కుంపటికి ఉక్కపోత

ఆ రోజుల్లో కారు డ్రైవరంటే మా ఊళ్లో పెద్ద నౌకరి అనుకునేవారు. తెల్లచొక్కా తొడుక్కుని, చల్లగా కూర్చుని పోతాడనుకునేవారు. ఆ చల్లదనం సంగతి నన్నడగాలి. తొంభైలలో అశోక్‌నగర్‌లో ఒక వకీలు సాబ్ దగ్గర కుదిరాను. ఆయన కారు వయసులో నాకంటే పెద్దది. గల్లీలో అందరూ దాన్ని కుంపటి అనేవారు. పాలమూరు జిల్లాలో నీళ్లు లేకనే మావాళ్లు పట్నం దారి పట్టారు. కడవలు మోసే బాధ తప్పిందనుకుంటే, ఇక్కడ కారుకు నీళ్లు మోయడం నా వంతైంది. డిక్కీలో ఎప్పుడూ పెద్ద డబ్బా ఉండేది. అందులో నీళ్లు నేను తాగడానికి కాదు, అది తాగడానికి.

నిజం చెప్పాలంటే నీళ్లు ఎంత తాగినా మొదట్లో అది మంచిగానే నడిచేది. పేరుకే కుంపటి. ఒక ఎండాకాలం ఏమైందో గానీ, అశోక్‌నగర్‌లో బయలుదేరి చిక్కడపల్లి దాటేలోపే వేడి చూపే సూది లేచి ఎర్రగీత మీద పడేది. (ఇప్పుడంటే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. అప్పటికి నాకు సంతకం కూడా రాదు. ఆ గీత, ఆ సూది, అంతే నా చదువు.) బానెట్ సందుల్లోంచి ఆవిరి, వెనక సీట్లోంచి వకీలు సాబ్ నిట్టూర్పు, రెండూ ఒక్కసారే వచ్చేవి. ఆయన నల్లకోటు చేతిమీద వేసుకుని ఆటో ఎక్కి కోర్టుకు పోయేవారు. నేను మాత్రం చిక్కడపల్లి గ్రంథాలయం ముందు బండిని పక్కకు తోసి, అది చల్లారేదాకా నిలబడేవాణ్ణి. సర్కారు కొలువుల పరీక్షలకు చదువుకునే పిల్లగాళ్లు చాయ్ కోసం బయటికొచ్చి చుట్టూ మూగేవారు. "వాటర్ పంపు పోయింది అన్నా" అని ఒకడు. "కాదు, హెడ్ గ్యాస్కెట్" అని ఇంకొకడు. "ఈ ప్రశ్న మొన్న పేపర్ల వచ్చిందిరా" అని మూడోవాడు. అందరూ నవ్వేవారు. నాకు నవ్వే ఓపిక ఉండేది కాదు.

నారాయణగూడలో మా మెకానిక్ ఉస్తాద్ ఉండేవాడు. మనిషి మంచివాడే గానీ, బండి కంటే అతను ఎక్కువ మాట్లాడేవాడు. ఒకరోజు ఫ్యాన్ బెల్టు మార్చాడు. ఇంకోరోజు థర్మోస్టాట్ పీకి చేతిలో పెట్టి, "ఇది ఉంటేనే బీమారీ తమ్మీ" అన్నాడు. రేడియేటర్‌లో పైపు పెట్టి తుప్పునీళ్లు పోయేదాకా కడిగాడు. మూత మార్చాడు. షెడ్డులో బానెట్ ఎత్తి ఇంజన్ ఎంతసేపు ఆడించినా సూది బుద్ధిగా నడుమ నిలబడేది. బానెట్ మూసి రోడ్డెక్కితే మళ్లీ అదే కథ.

"ఏందన్నా ఇది? నీ దగ్గర ఉన్నంతసేపు మంచిగుంటది" అంటే ఉస్తాద్ చెయ్యి తుడుచుకుంటూ, "మరి నన్ను చూస్తే దానికి ఖుషీ. నువ్వు మూత మూసినవనుకో, పాపం ఉక్కపోస్తది" అన్నాడు. ఇద్దరం నవ్వాం. ఆ నవ్వులోనే జవాబుందని మా ఇద్దరికీ తట్టలేదు.

ఒక శనివారం పొద్దున వకీలు సాబ్ వరండాలో కూర్చుని, పేపరు మీంచి తల ఎత్తకుండానే తీర్పు చెప్పారు. "రేపు కాచిగూడ నుంచి తుక్కు కొనేటాయన వస్తడు. బండి తీస్కపోతడు."

"సార్, మరి నేను?"

"బండే లేనప్పుడు డ్రైవర్ ఎందుకయ్యా? వేరే చోట చూసుకో."

అంబర్‌పేటలో కిరాయి ఇల్లు, ఇంట్లో చిన్నపిల్లలు, నాకేమో స్టీరింగు తప్ప వేరే పని రాదు. సాయంత్రం లోపు రోగం దొరకాలి, లేకపోతే నా నౌకరి తుక్కుతోపాటు పోతుంది. మధ్యాహ్నం అన్నం తిన్నాక వకీలు సాబ్ ఇంటి షెడ్డులోనే బండి వెనక సీటు మీద ఒరిగాను. ఆలోచిద్దామనే ఒరిగాను, నిద్ర పట్టేసింది.

గరగరమని చప్పుడుకు మెలకువ వచ్చింది. కొంచెం లేచి అద్దంలోంచి చూస్తే, బండి ముందర పెద్దమ్మ. అంటే వకీలు సాబ్ తల్లి. నడుము వంచి, ఒక చేత్తో బంపరు పట్టుకుని, ఇంకో చేత్తో గంటె కాడతో ముందు జాలీలోంచి ఏదో లోపలికి కుక్కుతోంది. (ఆ జాలీలో రెండు పుల్లలు ఎప్పుడో విరిగి, అరచేయి దూరేంత సందు ఉండేది.)

"ఏం చేస్తున్నవ్ పెద్దమ్మా?"

ఆమె ఉలిక్కిపడి గంటె కింద పడేసింది. "ఓర్నీ! లోపల పన్నవా? పానం పోయింది కదరా!"

దిగి చూస్తే ఆమె చేతిలో నల్లటి గొంగడి ముక్క. గుర్తుపట్టాను. మోకాళ్లు గుంజుతున్నాయి, కప్పుకుంటానని పెద్దమ్మ అంటే మా ఊరి నుంచి నేనే మోసుకొచ్చిన గొంగడి అది.

"పైవాటా ఆమె ఉన్నది చూడు," అంది పెద్దమ్మ గొంతు తగ్గించి, "ఇంత పాత బండి ఒక్కనాడన్న ఆగది కదా అన్నది. ఆ కన్ను మంచిది కాదు బిడ్డా. అందుకే నల్లది కట్టిన. అయినా ఉడికింది. దిష్టి బలంగున్నదని ఇంకోటి పెట్టిన. మళ్ల ఉడికింది. మళ్ల పెట్టిన. పొద్దున నీ నౌకరి మాట విన్నంక ఊకుండబుద్ధి కాలె. మిగిలింది మొత్తం పెడుతున్న."

నేను నేల మీద కూలబడి సందులో చెయ్యి పెట్టాను. ఒకటి వచ్చింది. దాని వెనక ఇంకొకటి. రేడియేటర్ మసి మీద గొంగడి నలుపు కలిసిపోయింది, పైన రేకు అడ్డం. ఉస్తాద్‌కైనా ఎట్లా కనిపిస్తుంది? గాలి తగలాల్సిన చోట నిండు గొంగడి కప్పి, ఎండాకాలం పట్నమంతా తిప్పాం. కోపం రావాలి. గుడ్డముక్కలన్నీ ఒళ్లో వేసుకుని చూస్తే మాత్రం, చలికాలం ఆమె మోకాళ్లకు ఏమీ మిగల్లేదని తోచింది.

"ఇదే పెద్దమ్మా, బండిని ఉడికిస్తున్నది. దీనికి గాలి ఆడాలె."

ఆమె మొహం చిన్నబోయింది. "మా వానికి చెప్పకు కొడుకా. వకీలాయె, నన్ను బోను ఎక్కిస్తడు." తర్వాత మెల్లగా, "మరి దిష్టో?" అంది.

"డిక్కీల కడత. ముందర ఎందుకు? బండి మనల్ని దాటి పోయినంకనే కదా, మంచిగున్నది అంటరు. కన్ను వెనకనే తగుల్తది."

ఆమె కింద పడ్డ గంటె తీసుకుంది. "గది నిజమే" అంది.

సాయంత్రం వకీలు సాబ్‌ను బతిమాలి బండెక్కించాను. చిక్కడపల్లి దాటింది. నారాయణగూడ దాటింది. హిమాయత్‌నగర్ రద్దీలో నిలబడ్డా సూది నడుమ నుంచి కదల్లేదు.

"ఏం చేసినవయ్యా?"

"గాలి తగలనిచ్చిన సార్."

అది మెకానిక్ పనే అనుకుని, ఆయన వాపసు వచ్చేటప్పుడు షెడ్డు ముందు ఆపించి ఉస్తాద్‌ను మెచ్చుకున్నారు. ఉస్తాద్ ఛాతీ విరిచి, "నేను అప్పుడే చెప్పలేదా సాబ్, దానికి ఉక్కపోత అని!" అన్నాడు. నేను బండి స్టార్ట్ చేశాను. తుక్కాయన మరునాడు వచ్చి చాయ్ తాగి పోయాడు. కుంపటి తర్వాత చాలా ఏళ్లు నడిచింది. పెద్దమ్మ కోసం ఇంకో గొంగడి తెచ్చాను, బండి దగ్గరికి తేనని మాట తీసుకుని మరీ ఇచ్చాను.

ఇప్పుడు నా మోకాళ్లు గుంజుతున్నాయి. మొన్న అల్లుడు కొత్త కారు తెచ్చాడు, వేడెక్కితే అదే చెబుతుందట. అందరూ లోపలికి పోయాక నేను వెనక్కి వెళ్లి, డిక్కీలో ఓ మూలకు చిన్న నల్ల గొంగడి ముక్క కట్టాను. మనవరాలు చూడనే చూసింది. "తాతా, నువ్వు గూడ నమ్ముతవా ఇవన్ని?" అంది. లేదే, అన్నాను. నమ్మితే ముందర కట్టేవాణ్ణి కదా.