ఆగాగు మేస్త్రి, ఎడమ చక్రం నట్టు

ఆ మేస్త్రికి కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటి ఉండేది గానీ, దాన్ని ఇప్పుడు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా చూడలేం. షెడ్డుకు వచ్చే వాళ్ళందరికీ ఆయన ఆగాగు మేస్త్రి. చక్రాల అలైన్‌మెంటు పూర్తయి, కారు గలాయన తాళం తిప్పబోతుంటే "ఆగాగు!" అని చెయ్యి అడ్డం పెట్టి, మళ్ళీ కారు కిందికి దూరి, బిగించిన ప్రతి నట్టు మీదా ఇంకోసారి పానా వేసి చూసేవాడు. అలా చూసి ఎన్ని వదులు నట్లు పట్టుకున్నాడయ్యా అంటే, ఒక్కటీ లేదు. అయినా మానడు. తన నీడను చూసి తానే ఉలిక్కిపడే రకం. "మీరు పుట్టగానే ఏడ్చారంటే అందరు పిల్లల్లా కాదు, దడుచుకుని ఏడ్చి ఉంటారు," అనేది భార్య. ఆయన కాదనేవాడు కాదు. చక్రాల పని చేసేవాడికి ధైర్యం ఉండటం కంటే ప్రమాదం ఇంకోటి లేదని ఆయన నమ్మకం.

ఇంత పిరికివాడికి పుట్టక పుట్టక ఒక్క కూతురు పుట్టింది. ఆ పిల్ల ఏం చెయ్యాలి? ట్రాకు మీద స్పోర్ట్స్ కారు తోలుతుంది. పైవాడికి కూడా వేళాకోళం ఎక్కువే.

కారు చిన్నది, రెండు సీట్లది, పాతది. తండ్రీకూతుళ్ళు కలిసే దాన్ని బాగు చేసుకున్నారు. తోలేది ఆమె, కింద పడుకునేది ఆయన. క్రితం నెల ట్రాకు మీద ఆమె కారు మంచి ఊపులో ఉండగా ఈయనకు ఏదో కాలుతున్న వాసన వచ్చింది. లబోదిబోమంటూ ట్రాకు పక్కన జెండాలు ఊపే వాళ్ళ దగ్గరికి పరుగెత్తి కారు ఆపించాడు. తీరా చూస్తే సైలెన్సరుకు గుప్పెడు ఎండుగడ్డి అంటుకుని ఉంది. అక్కడున్న వాళ్ళంతా పగలబడి నవ్వారు. కూతురు మాత్రం నవ్వలేదు. ఇంటికి వెళ్ళేదాకా నోరు విప్పలేదు. గుమ్మంలో చెప్పులు విడుస్తూ, "ఇంకోసారి ఊరికే ఆపించావంటే, ఈ కారు ఇంకెవరి చేతైనా చేయించుకుంటా నాన్నా," అంది. అరిచి ఉంటే ఆయనకు అంత గుచ్చుకునేది కాదు. నెమ్మదిగా అంది.

అందుకే నిన్న సాయంత్రం ఆయన నోరు కట్టేసుకుని పనిచేశాడు. మలుపుల్లో కారు ముందు భాగం మాట వినడం లేదని, బయటికి బయటికి పోతోందని ఆమె ఫిర్యాదు. దానికి మందు ఆయనకు తెలుసు. ముందు చక్రాల తలలు కాస్త లోపలికి వాల్చాలి, అది క్యాంబరు. ముక్కులు వెంట్రుకవాసి బయటికి తిప్పాలి, అది టో. క్యాంబరు కదిపితే టో దానంతటదే చెడుతుంది కాబట్టి టో ఎప్పుడూ ఆఖర్న. డ్రైవరు సీట్లో కూతురి బరువుకు సరిపడా నీళ్ళ డబ్బాలు పెట్టాడు. అసలు బరువు అడిగితే ఆమె చెప్పదు కాబట్టి అందాజుగా ఒక డబ్బా ఎక్కువే వేశాడు. ఆమె అది చూసి గుర్రుమంది. కారుకు రెండు పక్కలా దారాలు లాగి కట్టి, దారం నుంచి చక్రం అంచుకు ఎంతుందో కొలిచి, టై రాడ్డును కొద్దికొద్దిగా తిప్పాడు. టై రాడ్డంటే స్టీరింగు మాటను చక్రానికి చేరవేసే కడ్డీ. అది మళ్ళీ తిరిగిపోకుండా ఒక లాక్ నట్టు ఉంటుంది. చిన్న పానాతో రాడ్డును కదలకుండా పట్టుకుని, పెద్ద పానాతో నట్టు బిగించాలి. బిగించాక నట్టు మీది నుంచి రాడ్డు మీదికి పసుపు రంగుతో ఒక గీత గీయాలి. గీత ఉందంటే బిగిసిందని అర్థం. ఆ షెడ్డులో అది శాసనం.

కుడి చక్రం అయింది. ఎడమ చక్రం నట్టు వేళ్ళతో తిప్పి ఆనించాడో లేదో ఫోను మోగింది. "తిండికి వస్తున్నారా, అక్కడే నట్లు తింటారా?" అని భార్య. మాట్లాడి వచ్చాడు. గీత గీశాడు. అలవాటు కొద్దీ "ఆగాగు" అనబోతే కూతురు చెయ్యి పట్టుకుంది. "ఈ ఒక్కసారికి వద్దు నాన్నా. నీ చేతిని నువ్వు నమ్ము." గుమ్మంలో ఆమె అన్న మాట గుర్తొచ్చి ఆయన నవ్వాననిపించుకుని ఊరుకున్నాడు. పానాల పెట్టె కూడా ఆమే సర్దింది.

ఇదిగో, ఈ ఉదయం ట్రాకు పక్కన రేకు నీడలో కూర్చుని ఆ పెట్టె తెరిచాడు. తుడుచుకోవడానికి గుడ్డ కోసం తెరిచాడంతే. పెద్ద పానా చోటు ఖాళీగా ఉంది.

ముందు పెట్టె అడుగున చూశాడు. తర్వాత గుడ్డలన్నీ దులిపాడు. లేదు. ఎక్కడ పెట్టాను? ఫోను మోగినప్పుడు ఎడమ చక్రం పక్కన నేల మీద పెట్టాను. మళ్ళీ ఎప్పుడు తీశాను?

కళ్ళు మూసుకుని గుర్తు చేసుకున్నాడు. కుడి నట్టు బిగించినప్పటి పట్టు మణికట్టులో ఇంకా ఉంది. ఎడమ నట్టుది లేదు. ఎంత వెతుక్కున్నా లేదు. ఫోను జేబులో పెట్టుకోవడం గుర్తుంది, వంగడం గుర్తుంది, చేతిలో రంగు కుంచె గుర్తుంది. పానా గుర్తు లేదు. గీత గీశాను గానీ బిగించలేదు. వేళ్ళతో ఆనించిన నట్టు మీద గీత గీసి నా కూతురిని దాని మీద ఎక్కించాను.

ఎదురుగా కూతురి కారు కీచుమంటూ దూసుకుపోయింది. ఆయన చూపు ఎడమ చక్రం మీదే. వణుకుతోందా? వణుకుతున్నది చక్రమో తన కళ్ళో తేల్చుకోలేకపోయాడు. నట్టు వదులైతే రాడ్డు అదురుకు కొంచెం కొంచెంగా తిరుగుతుంది. చక్రం ముక్కు తన దారి తాను చూసుకుంటుంది. తిన్నటి దారిలో ఏమీ తెలియదు. దారి చివర బ్రేకు మీద కాలు వేసి స్టీరింగు తిప్పినప్పుడు తెలుస్తుంది. ఆ చివర సిమెంటు గోడ ఉంది.

ఆపిస్తే? నట్టు బిగిసే ఉంటే, ఇక ఈ జన్మకు ఆమె తన చేత పని చేయించుకోదు. తన పానా పడని కారులో, ఇంకెవడో ధైర్యవంతుడు బిగించిన కారులో తిరుగుతుంది. ఆపించకపోతే? ఆ ఆలోచన చివరిదాకా వెళ్ళే ధైర్యం ఆయనకు లేదు. లేచి పరుగెత్తాడు. ఒక చెప్పు దారిలోనే పోయింది.

జెండాలాయన మంచివాడే గానీ క్రితం నెల బాగా నవ్విన వాళ్ళలో ఒకడు. "ఏం మేస్త్రి గారూ, మళ్ళీ గడ్డి కాలుతోందా?"

"ఎడమ చక్రం... నట్టు బిగించలేదు... ఆపండి."

"చూశారా మీరు?"

"చూడలేదు. బిగించినట్టు గుర్తు లేదు."

"గుర్తు లేకపోతే ఆపేస్తామా? అమ్మాయి ఇవాళ ఎంత బాగా తోలుతోందో చూస్తున్నారా?"

మేస్త్రి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. చేతులు గడగడా వణికిపోతున్నాయి. ఆ చేతులు చూసి జెండాలాయన మొహంలో నవ్వు ఆరిపోయింది. మారు మాట్లాడకుండా నల్ల జెండా, దాని పక్కన ఆమె కారు నంబరు పలక ఎత్తి పట్టుకున్నాడు.

ఆమె చూసింది. హెల్మెట్టు అడ్డంగా ఊగడం ఆయనకు కనిపించింది. కానీ నల్ల జెండా చూసిన బండి అక్కడికక్కడ ఆగదు, ఇంకో చుట్టు పూర్తి చేసి లోపలికి రావాలి. అంటే ఆ గోడ దగ్గరికి ఇంకోసారి వెళ్ళి రావాలి. ఈ సంగతి ఆయనకు తెలుసు, జెండా ఎత్తించే కంగారులో మరిచిపోయాడు. కారు మలుపు తిరిగి కనుమరుగైంది. చప్పుడు మాత్రం వినిపిస్తోంది. మేస్త్రి ఆ చప్పుడును రెండు చేతులా పట్టుకున్నట్టు నిలబడ్డాడు. గోడ దగ్గర చప్పుడు సన్నబడింది. ఆయన పై ప్రాణాలు పైనే పోయాయి. తర్వాత మళ్ళీ పెరిగింది. నెమ్మదిగా, కోపంగా, కారు లోపలికి వచ్చి ఆగింది.

ఆమె హెల్మెట్టు పీకి, "నాన్నా!" అంది. ఆ ఒక్క మాటలోనే అన్నీ ఉన్నాయి. ఆయన నేల మీద వెల్లకిలా పడుకుని చక్రం వెనక్కి తల దూర్చాడు.

పసుపు గీత రెండు ముక్కలై ఉంది. రాడ్డు మీది ముక్క ఒక చోట, నట్టు మీది ముక్క గోరంత ఎడంగా ఇంకో చోట. నట్టు తిరిగింది. వేళ్ళు వేసి తిప్పబోయాడు. కదల్లేదు. బండలా ఉంది. అప్పుడు కనిపించింది, ఆ పసుపు ముక్కల పక్కనే, నట్టు మీది నుంచి రాడ్డు మీదికి తిన్నగా, సన్నగా ఒక ఎర్ర గీత. రంగు డబ్బాలో ఎరుపు లేదు. ఆ ఎరుపు గోళ్ళ రంగు.

బయటికి వచ్చి కూర్చున్నాడు. "ఎవరు?" అన్నాడు.

ఆమె తల వంచుకుని, రేకు కింద ఉన్న తన హెల్మెట్టు సంచిలోంచి పెద్ద పానా తీసింది. "నువ్వు లేవకముందే షెడ్డుకు వెళ్ళా. పానా చక్రం పక్కనే పడి ఉంది. నట్టు వేళ్ళతోనే తిరిగింది నాన్నా. రాడ్డు కదలకుండా చిన్న పానాతో పట్టుకునే బిగించా, నువ్వు నేర్పినట్టే."

అంటే నిజం. ఇన్నేళ్ళుగా భయపడుతున్నది జరిగింది, తన చేతులతోనే జరిగింది. ఆ చేతులను ఒడిలో పెట్టుకుని చూసుకున్నాడు. పరాయివాడి చేతుల్లా ఉన్నాయి.

"అసలెందుకు చూశావు? నీకు భయమంటే ఏంటో తెలీదుగా?"

"ఎందుకు తెలుస్తుంది? నా బదులు కూడా నువ్వే భయపడేవాడివిగా," అంది ఆమె. "నిన్న నేనే నిన్ను ఆపేశా. ఆ భయమంతా రాత్రి నా మీద వచ్చి పడింది. కన్ను మూస్తే ఒట్టు."

"నాకు చెప్పొచ్చుగా తల్లీ!"

"చెప్తే నువ్వు మళ్ళీ పానా పట్టుకుంటావా?"

పట్టుకోగలనో లేదో ఆయనకే తెలియదు. జెండాలాయన కొంచెం దూరంలో నిలబడి, పోయిన చెప్పు చేత్తో పట్టుకుని ఉన్నాడు. నవ్వడం లేదు.

ఆమె పానాను తండ్రి ఒడిలో పెట్టింది. కారెక్కి, బెల్టు బిగించుకుని, హెల్మెట్టు పెట్టుకుని, తాళం మీద చెయ్యి వేసింది. తిప్పలేదు. అద్దంలోంచి ఆయన్నే చూస్తూ కూర్చుంది. ఆ వేళ్ళు కూడా వణకడం ఆయన మొదటిసారి చూశాడు.

"ఏంటమ్మా?" అన్నాడు.

"నువ్వింకా అనలేదు."

మేస్త్రి లేచాడు. "ఆగాగు," అన్నాడు. ఆమె తాళం మీది నుంచి చెయ్యి తీసేసింది. ఆయన పానా పట్టుకుని కుడి చక్రం కిందికి దూరాడు.