అత్తయ్య గీసిన డొంక

రేపల్లె వెళ్తున్నాను. చెరుకుపల్లి దాటాక ఫోను "రెండు వందల మీటర్ల తరువాత కుడివైపు" అని సగంలో ఆగి, మోగింది. తెనాలి నుంచి, అత్తయ్య అద్దెకుండే ఇంటి ఓనరుగారు. "అమ్మాయిగారూ, ముందు బండి పక్కకి ఆపుకోండి," అన్నారావిడ. ఆ మాటతోనే తెలిసిపోయింది. అత్తయ్య కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించిందట. కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుందట. అంతే.

మాట్లాడటం అయిపోగానే ఫోను తన పని తను మళ్ళీ మొదలుపెట్టింది, రేపల్లెకి కుడివైపు తిరగమని. ఇప్పుడు వెళ్ళాల్సింది తెనాలికని దానికి చెప్పలేదు. అలాగే బండి తిప్పాను. చాలా దూరం అది నన్ను వెనక్కి మళ్ళమంటూనే ఉంది. ఆపెయ్యొచ్చు, ఆపలేదు. కారులో ఇంకో గొంతు ఉండాలనిపించిందేమో. సరిగ్గా చెప్పలేను.

అత్తయ్య మా నాన్నకి అక్క. పెళ్ళి చేసుకోలేదు. ఒక ప్రభుత్వ ఆఫీసులో ట్రేసరుగా చేరి, అక్కడే రిటైరైంది. ట్రేసరంటే ఏంటని ఈ కాలం వాళ్ళు అడుగుతారు. పాత పటం మీద ట్రేసింగ్ క్లాత్ అనే పలచటి గంజి గుడ్డ పరిచి, కిందనుంచి కనిపించే ప్రతి గీతనీ నిబ్బుతో, నల్ల సిరాతో తిరిగి గీయడం. కాలువలు, మురుగు కాలువలు, ఊళ్ళు, బాటలు. "ఈ డెల్టా అంతా నా చేతి కిందనుంచి పోయిందే, నేను మాత్రం ఆఫీసు గేటు దాటి చూసింది లేదు," అనేది. సిరా ఒలికి పాడైన గుడ్డ ముక్కల్ని ఇంటికి తెచ్చి, వేడినీళ్ళలో గంజంతా వదిలేదాకా నానబెట్టి, అంచులు మడిచి రుమాళ్ళు కుట్టేది. నా చిన్నప్పటి జలుబులన్నీ వాటిలోనే. ఒక రుమాలు మూల ఎన్నిసార్లు ఉతికినా పోని కాలువ ముక్క ఒకటి ఉండేది.

నేను బాపట్లలో పాఠాలు చెప్పుకుంటూ, నలభై దాటాక కారు నేర్చుకున్నాను. ఆదివారాలు తెనాలి వచ్చి ఆవిణ్ణి ఎక్కించుకునేదాన్ని. ముందు సీట్లో కూర్చుని, గుడ్డసంచీలోంచి పాత పటం నకలు తీసి ఒళ్ళో పరుచుకునేది. మొదటిసారి ఫోను మాట్లాడినప్పుడు ఉలిక్కిపడింది.

"ఎవరే ఈవిడ?"

"ఫోనే అత్తయ్యా. దారి చెబుతుంది."

"మరి నన్నెందుకు తీసుకొచ్చావ్?"

ఆ రోజు నుంచీ కారులో ఇద్దరు పెద్దవాళ్ళు ఉన్నట్టే. ఫోను ఎడమంటే అత్తయ్య కుడి అనేది. ఆవిడ పటం పాతది, బైపాసులు లేవు. "పటం ప్రకారం మనమిప్పుడు చెరువులో ఉన్నామే," అని తనే నవ్వేది. ఫోను కూడా తక్కువేం తినలేదు. రేపల్లెలో ఒక బంధువుల ఇంటికని బయల్దేరితే, తీసుకెళ్ళి రైసుమిల్లు వెనక గేటు ముందు నిలబెట్టి, చేరుకున్నారు అంది. వాచ్‌మన్ వచ్చి, "ధాన్యం అమ్మడానికొచ్చారా అమ్మా?" అన్నాడు. "లేదు నాయనా, ఈ ఫోను అమ్మేసి పోదామని," అంది అత్తయ్య. అతను నిజంగానే ఎంతకిస్తారని అడిగాడు.

హాస్యం పక్కన పెడితే, ఒక విషయంలో మాత్రం ఆవిడ రాజీ పడలేదు. "పటానికి కింద మూల రెండు సంతకాలుంటాయి. గీసినవాళ్ళది, సరిచూసినవాళ్ళది. తప్పుంటే వెళ్ళి అడగొచ్చు. దీన్లో తప్పుంటే ఎవర్ని అడుగుతావ్?"

"వాళ్ళే దిద్దేస్తారు అత్తయ్యా, మనం అడగక్కర్లేకుండా."

"దిద్దితే సరా? ఈలోపు వెళ్ళి దిగబడినవాళ్ళ మాటేంటి?"

ఆ మాటలో ఏదో ఉందని నాకప్పుడు తట్టలేదు. అలా తట్టనివి ఇంకా ఉన్నాయి. అమృతలూరు దాటినప్పుడల్లా పటం మీద వేలు పెట్టి, "ఇక్కడెక్కడో ఎడంపక్కకి డొంక ఉండాలే, ఒక్కసారి తిప్పు," అనేది. డొంకంటే బళ్ళు పోయే మట్టిదారి. పటంలో చుక్కల గీతగా ఉంటుంది. "ఫోన్లో లేదు అత్తయ్యా," అనేదాన్ని. "పటంలో ఉంది." "పటంలో ఉన్నవన్నీ ఉంటాయా?" ఆవిడ పటం మడిచేసేది. నాకు తొందర. తొందరెందుకో అప్పుడూ తెలియదు, ఇప్పుడూ గుర్తులేదు. అలా ఎన్ని ఆదివారాలు దాటేశానో లెక్క కట్టాలంటే భయంగా ఉంది.

కిందటి చలికాలం, రేపల్లె బస్టాండు దగ్గర టిఫిన్ చేస్తుండగా, ఇడ్లీ తుంచి తినకుండా అలాగే పట్టుకుని చెప్పింది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ పటాన్ని ట్రేస్ చేసింది తనే. కింద ఉన్న అసలు పటం చాలా పాతది, మడతలు పడి ఉంది. మడతలో మట్టి చేరితే గుడ్డ కిందనుంచి అచ్చం చుక్కల గీతలా కనబడుతుంది. ఒకచోట అలాంటిదాన్ని డొంక అనుకుని సిరాతో గీసేసింది. అప్పటికింకా తను టెంపరరీ, టెంపరరీ వాళ్ళకి సంతకం పెట్టే హక్కు లేదు. తనని కూర్చోబెట్టి పని నేర్పిన పెద్ద డ్రాఫ్ట్స్‌మన్ గారు, గీసినవాళ్ళ చోటా, సరిచూసినవాళ్ళ చోటా, రెండుచోట్లా ఆయనే పెట్టారు. కొన్నాళ్ళకి ఒక ఆఫీసరు ఆ నకలు పట్టుకుని వెళ్ళి, ఆ డొంక కోసం జీపు దింపి, రేగడి బురదలో కూరుకుపోయి, ఎండలో నడిచి వచ్చాడు. మర్నాడు అందరి ముందూ ఆ పెద్దాయన్ని నిలబెట్టి, కళ్ళు కనబడకపోతే ఇంట్లో కూర్చోమన్నాడు.

"ఆయన నావైపు చూళ్ళేదే. చూస్తే చెప్పేసేదాన్నేమో. ఉద్యోగం పోతుందని నోరు పెగల్లేదు. తర్వాత అసలు పటం తీసి చూద్దామంటే ఆ మడత దగ్గరే చిరిగిపోయి ఉంది. ఉన్న డొంకే వానలకి పోయిందో, లేని డొంకని నేను గీశానో ఇప్పటికీ తెలీదు. ఆయన పోయారు. చెప్పేందుకు మనిషి లేడు. కనీసం ఏది నిజమో చూడాలి కదా."

"యాభై ఏళ్ళ నాటి సంగతి అత్తయ్యా, ఇప్పుడెందుకు?" అన్నాను. అనకుండా ఉండాల్సింది.

"నీకు యాభై ఏళ్ళ నాటిది. నాకు రోజూదే."

బిల్లు కట్టి నేరుగా అక్కడికే వెళ్ళాం. ఈసారి పటం చెప్పినచోట ఆపాను. ఎడంపక్క మినుము చేలు, మధ్యలో మనిషి నడిచేంత గట్టు. ఇద్దరం దిగుదామనుకునేసరికి వెనక ట్రాక్టరు వచ్చి హారను మొదలుపెట్టింది. రోడ్డు సన్నం, కారు తీస్తేగాని అతను పోలేడు. అత్తయ్య అప్పటికే చెప్పులు విప్పేసింది. తను ఎక్కడుందో నా ఫోనులో కనబడేట్టు చేసి, తన ఫోను తన చేతిలో పెట్టాను.

"తప్పిపోతానని భయమా? ఈ గీత నేను గీసిందేనే," అంది.

కారు ముందుకి తీసి, కాస్త వెడల్పున్నచోట ఆపి, పటం ఒళ్ళో పెట్టుకుని ఫోను చూస్తూ కూర్చున్నాను. తెర మీద అక్కడ ఏ దారీ లేదు, ఖాళీ. ఆ ఖాళీలో ఒక చిన్న చుక్క కదులుతోంది, అత్తయ్య. పటంలో ఆవిడ గీసిన గీత ఎటు పోయిందో అటే. చాలాసేపు నడిచి, ఒకచోట ఆగిపోయింది. ఎందుకాగిందో ఫోనూ చెప్పలేదు, పటమూ చెప్పలేదు. నేను తలుపు తీసుకుని దిగి, మళ్ళీ ఎక్కి, మళ్ళీ దిగాను.

ఆవిడ వెనక్కి వచ్చేసరికి కాళ్ళకి మోకాళ్ళ కింది దాకా నల్లటి మట్టి. చేలో కలుపు తీస్తున్న ఒకావిణ్ణి అడిగిందట, ఇక్కడ డొంకేమైనా ఉండేదా అని. "డొంకేంటి పిన్నిగారూ, ఇదిగో ఈ మురుక్కాలవ మా అత్త కాపురానికొచ్చినప్పట్నుంచీ ఉంది, దీన్నెట్టా దాటుతారు?" అందిట ఆవిడ.

"మడతేనే అది," అంది అత్తయ్య కారెక్కుతూ. "నాదే తప్పు. ఆయనది కాదు."

ఇది రాయొచ్చా అని పది రోజులుగా సతమతమవుతున్నాను. పోయినవాళ్ళ తప్పుని పత్రికకి ఎక్కించడం ఏం గౌరవం? కానీ దాచమని ఆవిడ నాతో అనలేదు. ఆ డ్రాఫ్ట్స్‌మన్ గారి పిల్లలో మనవలో ఎక్కడున్నారో తెలియదు. వాళ్ళలో ఎవరైనా ఇది చదివితే, ఆ రోజు ఆయన మాట పడిన తప్పు ఆయనది కాదని తెలుసుకోవాలి. ఇంతకంటే వేరే దారి నాకు తోచలేదు. తోచిందే సరైనదని నమ్మకమూ లేదు.

అత్తయ్య కారులో ఎప్పుడూ నిద్రపోలేదు. నిద్రపోతే నేను దారి తప్పుతానని ఆవిడ భయం. డొంక చూసి తిరిగొస్తున్న ఆ మధ్యాహ్నం మాత్రం రెండు మైళ్ళయినా వెళ్ళకముందే తల కిటికీకి ఆనింది. పటం తెరవలేదు, ఫోనుతో గొడవ పెట్టుకోలేదు. తెనాలి వచ్చాం. వాళ్ళ వీధి మలుపులో ఫోను తిరగమంది. అద్దంలోంచి ఎండ ఆవిడ పాదాల మీద పడి మట్టి పొరలు పొరలుగా ఆరుతోంది. నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది, ఊపిరి నిదానంగా ఆడుతోంది. నేను తిరగలేదు. గేరు తగ్గించి, గుంతలు తప్పించుకుంటూ, తిన్నగా ముందుకి పోనిచ్చాను.