కల్వర్టు ఎదుటి ప్లాటు

ఆ శుక్రవారం పొద్దున బస్సులో నేనొక తప్పు చేశాను. కంటితో చూడని స్థలానికి, అడిగినవాళ్లకు పూచీ ఇచ్చాను. ముప్పై ఏళ్లు రోడ్ల పనుల్లో ఇంజనీరుగా ఉండి రిటైరైనవాణ్ణి. నా మాట నమ్ముతారని తెలిసే ఇచ్చాను.

సంగారెడ్డిలో ఆరున్నరకు నారాయణఖేడ్ బస్సెక్కాను. అక్కడ కొత్తగా వేసిన వెంచర్‌లో ఒక ప్లాటు తీసుకోవాలని నా ఆలోచన. జోగిపేట దాటాక పక్క సీట్లోని దంపతులతో మాట కలిసింది. సాయిలు, అంజవ్వ. సిర్గాపూర్ దగ్గరి వాళ్లు. పన్నెండేళ్లుగా లింగంపల్లిలో ఆయన సెంట్రింగ్ పని, ఆమె కూలి పని చేస్తున్నారు.

"ఈమెది ఆడోళ్లకిచ్చే జీరో టికెట్టు, నాది పైసల టికెట్టు. కిటికీ సీటు మాత్రం ఈమెకే," అన్నాడు సాయిలు.

"ఎక్కంగనే నిద్రపోతవు, నీకు కిటికీ ఎందుకు?" అంది అంజవ్వ.

వాళ్లు పోతున్నదీ ఆ వెంచర్‌కే. రోడ్డుకు ఆనుకున్న ప్లాటు. పన్నెండు గంటలకు బస్టాండ్ పక్కన దస్తావేజులు రాసే దుకాణంలో అగ్రిమెంటు. దాచుకున్నదంతా అందులో పెడుతున్నారు. సాయిలుకు ఒకటే భయం.

"లాతూర్ల భూమి కదిలిన నాడు మా ఇంటి గోడ నిలువునా పగిలిందని మా అమ్మ చెప్తది. మల్లొస్తే ఎట్ల సార్?"

నాకు బాగా తెలిసిన విషయం. ఈ ప్రాంతంలో భూకంప ప్రమాదం తక్కువని, రాయీ మట్టీ గోడల సంగతి వేరు, పిల్లర్లతో కట్టే ఇంటి సంగతి వేరని వివరంగా చెప్పాను. అంతవరకు సరే. మధ్యలో అంజవ్వ, "వానకాలం అక్కడ నీళ్లు ఎటు పోతయి సార్?" అని అడిగింది. "అవన్నీ లేఅవుట్ వేసినవాళ్లు చూసుకుంటారమ్మా. బేఫికర్‌గా సంతకం పెట్టండి," అన్నాను. తప్పు అక్కడ జరిగింది.

తొమ్మిదిన్నరకు దిగాం. వాళ్లు చుట్టాలింటికి వెళ్లారు. నేను బస్టాండ్ ఎదుటి హోటల్లో ఇడ్లీ తిని, రానూపోనూ రెండు వందలకు ఆటో మాట్లాడుకుని, పదిన్నరకు వెంచర్ చేరాను.

చూడటానికి ముచ్చటగా ఉంది. ఎర్రటి గరుకు మట్టి, మొరం, పరిచి, రోలర్‌తో తొక్కించి, హద్దురాళ్లు పాతారు. పక్కనే తారురోడ్డు. ఆ రోడ్డు కింద కల్వర్టు, దానికి మూడు తూములు. అవతల వాటి నోళ్లు పొలాల వైపు తెరుచుకుని ఉన్నాయి. ఇవతల సగానికి పైగా మొరంతో పూడిపోయి, సరిగ్గా రోడ్డును ఆనుకున్న ముందు వరస ప్లాట్లలోకి చూస్తున్నాయి. నీళ్లు రాని చోట ఎవరూ మూడు తూములు వేయరు. అలాంటివి ఎన్నో వేయించినవాణ్ణి, నాకు తెలియదా? హద్దురాయి పక్కన పుల్లతో తవ్వితే జానెడు లోతుకే నల్లరేగడి తగిలింది. వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోయే మట్టి. గోడలు పగలగొట్టడానికి దానికి భూకంపం అక్కర్లేదు.

బర్రెలు మేపుతున్న ఒక పెద్దాయన నవ్వాడు. "ఏం తవ్వుతున్నవ్ పటేలా? గిది వాగు పాయ. పోయిన వానకాలం నడుము లోతు పారింది. ఎండకాలంల మొరం పోసిండ్రు."

పదకొండుంబావు. ఆటో ఆయన్ని జల్దీ పోనివ్వమన్నాను. దస్తావేజుల దుకాణంలోకి వెళ్లేసరికి సాయిలు చేతిలో పెన్ను ఉంది.

"ఆగు సాయిలూ. పొద్దున నేను చెప్పింది తప్పు. చూడకుండా చెప్పాను."

ప్లాట్లు అమ్మే ఏజెంటు లేచాడు. "బస్సుల కలిసినాయన మాటకు మంచి ప్లాటు పోగొట్టుకుంటరా?"

సాయిలుకు కోపం వచ్చింది. "సంతకం పెట్టమన్నది మీరే, ఆగమన్నది మీరే. ఏ మాట పట్టుకోవాలె సార్?"

"ఏదీ వద్దు. అరగంట నాతో వచ్చి నువ్వే చూడు."

అంజవ్వ భర్త చేతిలోని పెన్ను తీసి బల్ల మీద పెట్టింది. "నేనడిగింది గదే గదా. నడువు."

కల్వర్టు దగ్గర ఆమె వంగి తూములోంచి అవతలికి చూసింది. "బాతులను సాదుకోవచ్చు ఈడ. మనుషులు ఉండుడు గాదు," అంది. సాయిలు తానూ వంగి చూశాడు. "ఇంకా అడ్వాన్సు ఇయ్యలే. బతికినం," అన్నాడు.

రెండింటికి జొన్నరొట్టె తిని సిర్గాపూర్ దారిలో మెరక మీద అమ్మకానికి ఉందని ఆటో ఆయన చెప్పిన ఇంకో స్థలానికి వాళ్లను తీసుకెళ్లాను. అక్కడివాళ్లను గడ్డపార అడిగి తెచ్చి, సాయిలూ నేనూ గుంత తవ్వాం. మూడడుగుల కింద గట్టి మొరం వచ్చింది. నల్లమట్టి అంతా తీసేయాలని, పిల్లర్లన్నిటినీ కింద ఒక బీముతో, తలుపుల పైన ఇంకో బీముతో కట్టేయాలని, భూమి కదిలినా ఆ పట్టే కాపాడుతుందని చెప్పాను. కొనమని మాత్రం అనలేదు. ఒక వానకాలం చూసి కొనమన్నాను.

కల్వర్టు ఎదుటి ముందు వరసలో మిగతా ప్లాట్లున్నాయి. వాటికీ ఎవరో ఒకరు వస్తారు. నాలుగింటికి మున్సిపల్ ఆఫీసుకు వెళ్లి, తూములు పూడ్చిన సంగతి అర్జీ రాసిచ్చాను. చూడకుండానే ఒకరిని కొనమన్నానని కూడా అందులో రాశాను. గుమాస్తా చదివి తలెత్తాడు.

"పూడ్చినోళ్లు వేరే గదా. మీ తప్పు మీరెందుకు రాసుకున్నరు?"

"జరిగింది అదే. ఉండనీయండి," అన్నాను.

అయిదున్నర బస్సులో తిరుగుముఖం పట్టాను. నారాయణఖేడ్ వైపు స్థలం చూడబోయేవాళ్లు భూకంపానికి జడిసి వెనక్కి రానక్కర్లేదు. ఊరు పెరుగుతోంది, మెరక మీద గట్టి నేల దొరుకుతుంది. కాగితాల కంటే ముందు అక్కడ పశువులు మేపేవాళ్లతో మాట్లాడండి, ఒక గుంత తవ్వించండి.

మంగళవారం వచ్చి స్థలం చూస్తామని అర్జీ తీసుకున్నప్పుడే ఆఫీసువాళ్లు చెప్పారు. నన్నెవరూ పిలవలేదు. అయినా ఆ రోజు మళ్లీ వెళ్లి, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, పారతో మొరం లాగి, మూడు తూముల నోళ్లూ వాళ్లకు చూపించాను.