నబీ సాబ్ మూసేసిన గొట్టం

కళ్యాణదుర్గం చుట్టుపక్కల బోరు మోటారు కాలిపోయిందంటే, ఒకప్పుడు అది నబీ సాబ్ చేతికే వచ్చేది. వైండింగ్ చేసి ఇచ్చాడంటే మళ్లీ గిర్రున తిరగాల్సిందే. బోర్లే ఎండిపోయాక ఇంకెక్కడి మోటార్లు? ఊరి బయట, ట్యాంకర్ల నీళ్లతో జీన్స్ బట్టలకు రంగులద్దే ఫ్యాక్టరీలో చేరాడు. వాడేసిన రంగునీళ్ల తొట్టిలో ఇనుప పలకలు దించి కరెంటు పారించడం అతని పని. పలకల ఇనుము కొద్దికొద్దిగా కరిగి, నీళ్లలోని విషాన్ని పట్టి మడ్డిగా పైకి తేల్చేది. ఆ మడ్డి తీసేశాకే నీళ్లు వంకలోకి పోయేవి.

ఆ పనంటే అతనికి ఎంత గర్వమో! గొర్రెల బయ్యన్నతో తనే అన్నాడు, "భయం లేదు బయ్యన్నా, నేను కడిగి పంపిస్తాండా" అని. నబీ సాబ్ మాట బయ్యన్నకు వేదవాక్కు. పైగా పారే నీళ్లను చూసి ఊరుకునే ప్రాణం ఈ సీమలో ఎవరికుంది? వంకకు అడ్డంగా మట్టికట్ట వేసి గొర్రెలకు నీళ్లు నిలిపాడు.

కొన్నాళ్లకు పలకలు అరిగిపోయాయి. యజమాని చంద్రమోహన్ కొత్తవి తెప్పించలేదు. ఎప్పుడడిగినా "తెప్పిస్తాంలే" అన్నాడు. ఈలోగా బ్లీచింగ్ కలపమన్నాడు. రంగు పోయింది, విషం పోలేదు. ఎంత దగా! తనిఖీకి వచ్చిన దొరలు తేటనీళ్లు చూసి, టీ తాగి వెళ్లిపోయారు. పలకలు నేడో రేపో వస్తాయని నబీ సాబ్ నోరు మూసుకున్నాడు.

ఒకనాడు బయ్యన్న గేటు దగ్గరికి వచ్చాడు. "ఏమప్పా నబీ సాబూ, సూడి గొర్రెలకు కడుపులు పోతాండాయి. ఏం రోగమో ఏమో. నీళ్లకైతే కరువు లేదు, నీ పుణ్యాన."

నబీ సాబ్‌కు యజమాని మీద ఒళ్లు మండిపోయింది. "గొర్రెల్ని ఆ వంకకు తోలొద్దన్నా! ఈడే ఉండు!" అని అరిచి లోపలికి పోయాడు. ఇసుక మూటలు కుక్కి, వంకలోకి పోయే గొట్టం మూసేశాడు. నీళ్లు వెనక్కి తన్ని, షెడ్డు దాటి చంద్రమోహన్ గదిలోకి చేరాయి. ఆయన రెండు కాళ్లూ కుర్చీ మీదికి లాక్కున్నాడు.

"ఏమైంది నీకు? తియ్యి ఆ మూటలు!"

"దిగి మీరే తియ్యండి సార్."

చంద్రమోహన్ నీళ్లకేసి చూశాడు. దిగలేదు.

"కాలు పెట్టేదానికే భయపడతాండారే, గొర్రెలు మాత్రం తాగల్లనా? మంచి నీళ్లని నా నోటితోనే చెప్తి సార్! నన్ను నమ్మి తాపినాడు ఆయప్ప!"

నబీ సాబ్ మెయిన్ స్విచ్ దించేసి గేటు వైపు నడిచాడు. బయ్యన్న అక్కడే నిలబడి ఉన్నాడు. అతనికి ఇంకా ఏమీ తెలియదు.