జబ్బల నడుమ నొప్పి

2021 ఏప్రిల్‌లో నేను సూరత్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో క్యాజువాల్టీ ఇన్‌చార్జిని. అంటే, వచ్చిన పేషెంటును ఏ వార్డుకు పంపాలన్న దాంట్లో చివరి మాట నాదే. కరోనా రెండో వేవ్ ఊపిరి సలపనివ్వని రోజులవి. పేషెంటు తప్ప మరెవరూ గేటు దాటకూడదు. తోడొచ్చిన భర్తలు, కొడుకులు గేటు దగ్గరే జూనియర్ డాక్టరుకు సంగతి చెప్పి ఆగిపోయేవారు.

ఒక ఉదయం, తెలుగు కార్మికులుండే డిండోలి పేట నుంచి యాదమ్మ అనే అరవై దాటిన ఆవిడను తెచ్చారు. భర్త రాజయ్య పవర్‌లూమ్ కార్మికుడు. ఆవిడకు గ్యాస్ పట్టేసిందనీ, పైగా కరోనా భయమనీ ఆయన గేటు దగ్గర హిందీలో చెప్పాడు. జూనియర్ ఈసీజీ తీయించాడు, గుండెపోటు జాడ లేదు. ఊపిరితిత్తులకు సీటీ తీయించాడు, శుభ్రంగా ఉన్నాయి. ఆర్టీపీసీఆర్ ఫలితం వచ్చేదాకా కోవిడ్ వార్డులో ఉంచుదామన్నాడు. ఆ వార్డులో చేరినవాళ్లకు రక్తం గడ్డకట్టకుండా ఇంజెక్షన్ ఇవ్వడం అప్పట్లో రివాజు.

యాదమ్మకు హిందీ అంతంతమాత్రం. నేను తెలుగులో పలకరించేసరికి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"గ్యాస్ గాదమ్మా! పొద్దుగాల బియ్యం కడుగుతుంటె జబ్బల నడుమ పాతచీర పర్రున చింపినట్టయింది. గిప్పుడు నడుముల్లకు దిగింది. గా డాక్టరు పిలగాడు నన్ను అడగనే లేదు."

నాకు వెంటనే అయోర్టా మీద అనుమానం వచ్చింది. గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమని అయోర్టా. దాని లోపలి పొర చిట్లి, రక్తం గోడ పొరల మధ్యకు దూరడాన్ని డిసెక్షన్ అంటాం. నొప్పి ఉన్నట్టుండి వచ్చి, చీల్చినట్టుండి, కిందికి జారుతుంది. రెండు చేతులకూ బీపీ చూశాను, పొంతనే లేదు. మామూలు సీటీలో ఇది దొరక్కపోవచ్చు, నరంలోకి డై ఎక్కించి తీయాలి. రక్తం గడ్డకట్టనివ్వని ఆ వార్డు ఇంజెక్షన్ గనక పడితే రక్తస్రావం ఆగదు, ఇక అంతే సంగతులు.

రెండో సీటీ అనగానే గేటు దగ్గర రాజయ్య ససేమిరా అన్నాడు. "ఊపిరితిత్తులు సాఫ్ ఉన్నయంటిరి గద మేడం! మళ్ల సీటీ ఏంది? జర గోలీలియ్యుండ్రి, ఇంటికి తీస్కపోత."

ప్రాణాలతో తీసుకెళ్లాలని ఉంటే ఒప్పుకోమని కసిరాను. పాపం, అక్కడే కూలబడి తలూపాడు.

రెండో సీటీలో చీలిక గుండెకు ఆనుకున్న భాగంలోనే కనబడింది. దానికి ఆపరేషనే దారి. బీపీ తగ్గించే మందు ఎక్కిస్తూనే సర్జన్‌కు ఫోన్ చేశాను. ఆయన నాకంటే సీనియర్. ఈ వయసు ఆడవాళ్లలో ఫలితాలు బాగుండవనీ, ఆర్టీపీసీఆర్ రానిద్దామనీ నసిగాడు. నాకు ఒళ్లు మండింది. ఆయన అన్నది అబద్ధమేం కాదు. ఈ జబ్బు మగవాళ్లకే ఎక్కువ. వచ్చిన ఆడవాళ్లు మాత్రం తరచు వయసులో పెద్దవాళ్లై ఉంటారు, ఆసుపత్రికి ఆలస్యంగా చేరతారు, చేరాక కూడా జబ్బు ఆలస్యంగా బయటపడుతుంది.

"ఈవిడ వేళకే వచ్చింది సార్. ఇకమీదట ఆలస్యమైతే అది మనదే," అన్నాను.

 ఆయన ఒప్పుకుని, అందరూ పీపీఈ కిట్లు వేసుకుని థియేటర్ సిద్ధం చేయమన్నాడు. పాడైన భాగం తీసేసి కృత్రిమ గొట్టం కుట్టారు. యాదమ్మ బతికింది.

కొన్నాళ్లకు, ఆంక్షలు సడలించాక, మొగుడూ పెళ్లాం ఇద్దరూ నా గదికి వచ్చారు. "నొప్పి ఎలా ఉందమ్మా?" అని ఆవిడను అడిగాను.

"ఏం లేదు మేడం, మంచిగనే తిరుగుతుంది," అన్నాడు రాజయ్య.

"నిన్నడిగిందా ఆమె? జర ఊకో," అంది యాదమ్మ.

ఈ జబ్బుతో వచ్చిన ఆడవాళ్లు ఎందుకు ఎక్కువగా పోతారని జూనియర్లు అడిగేవారు. వాళ్ల వయసు, ధమని బలం మన చేతిలో లేవు, నొప్పి సంగతి ఎవరిని అడుగుతామన్నది మాత్రం మన చేతిలోనే ఉంది అని చెప్పేదాన్ని. తర్వాత కరోనా నిబంధనలన్నీ ఎత్తేశారు. నేను రిటైరయ్యేదాకా నా క్యాజువాల్టీలో మాత్రం పేషెంటు మాట పూర్తయ్యాకే తోడొచ్చినవాళ్లు లోపలికి వచ్చారు.